బండజీర రెండో షీటు

వరంగల్,
12 జులై 1982

చిన్నబాపుకు,

హన్నా వందనాలు. చిన్నమ్మకు కూడా చెప్పు. ఇక్కడ అమ్మ, బాపు బాగున్నారు. వానలు పడుతున్నాయి. మన ఇంటి ముందు రోడ్డు ఎప్పటిలాగే కాలువైంది. బాపు చెప్పులు చేతిలో పట్టుకుని స్కూలుకు పోతున్నాడు. హెడ్మాస్టరు అట్లా పోవచ్చునా అని అమ్మ, చెప్పులు నువ్వు కొనిస్తావా అని బాపు.

నాకు ఎం.ఫిల్.లో పని దొరికింది. నవ్వకు. ఒక పేరును చక్కబెట్టడం నా పని. 1838లో మోరిస్ అనే మిలిటరీ డాక్టరు మడికొండ గుట్ట మీద ఒక చిన్న పొదను చూసి, దానికి లాటిన్‌లో పేరు పెట్టి, పది వరుసల వర్ణన అచ్చు వేయించాడు. అక్కడి వాళ్లు దాన్ని బండజీర అంటారు. బండల నెర్రెల్లో మొలుస్తుంది. ఆకు నలిపితే జీలకర్ర వాసన. దొర కంటే ముందే దానికి ఇంత మంచి పేరుందని నాకు గర్వంగా ఉంది.

చిక్కేమిటంటే, ఆ రోజుల్లో పేరు పెట్టినవాళ్లు ‘ఈ పేరుకు ఆధారం ఇదిగో ఈ ఎండుకొమ్మ’ అని ఒక్కదాన్ని చూపించేవాళ్లు కాదు. ఇప్పుడు చూపించాలి. అట్లా ఆధారంగా నిలిచే నమూనాను టైపు అంటారు. పేరు పెట్టినాయన ఎంచకుండా పోతే, ఆయన చూసిన నమూనాల్లోంచి మనం ఒకటి ఎంచి అచ్చులో ప్రకటించాలి. దాన్ని లెక్టోటైపు అంటారు. లెక్టో అంటే గ్రీకులో ‘ఏరిన’ అట. ఆ మాట తెలిసిన రోజు అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. అమ్మా, నువ్వు గ్రీకు పని చేస్తున్నావు అన్నాను. “గ్రీకో గీకో, రాళ్లున్నయ్, నువ్వు గూడ కూసో” అంది.

మా రాజేశ్వర్ రావు సారు ఒక మాట గట్టిగా చెప్పారు. ఒకసారి అచ్చయితే, ఎంచింది నావంటి పిల్ల అయినా సరే, ప్రపంచంలో అందరూ దాన్నే పాటించాలి. నాకు భయం, సంతోషం రెండూ ఒకేసారి పట్టుకున్నాయి.

మోరిస్ నమూనాలు ఎక్కడున్నాయో తెలుసా? నువ్వు పనిచేసే హెర్బేరియంలో! ఫొటోల కోసం సారు మీ ఆఫీసుకు రాశారు. అవి వచ్చేలోగా నువ్వు ఒక్కసారి ఆ బీరువా తెరిచి, ఎన్ని షీట్లున్నాయో, ఎట్లున్నాయో చూసి రాస్తావా? ఎండుమొక్కలను కాగితాలకు అంటించే పనిలో ముప్పై నాలుగేళ్లున్నవాడివి. నీ కన్ను నాకు కావాలి.

నీ హన్నా

*

మద్రాసు,
26 జులై 1982

బిడ్డ హన్నాకు,

చిన్నబాపు ఏలియా దీవెనలు. నీ ఉత్తరం చిన్నమ్మకు చదివి వినిపించిన. దీనమ్మ అన్నది గదా, “మీ ఇంటోళ్లకు ఎండుటాకుల పిచ్చి వంశంలనే ఉన్నట్టుంది” అని. ఆమెకు మోకాళ్ల నొప్పి ఎక్కువైంది. నీళ్ల లారీ కాడ లైన్ల నిలబడుడు నా వంతుకొచ్చింది.

బీరువా చూసిన. మోరిస్ దొరవి మూడు షీట్లున్నయి. మొదటిది చూస్తే ఏడుపొస్తది. ఆకులున్నయి, పువ్వు లేదు, కాయలను పురుగు ఎప్పుడో పొడి చేసింది. మూడోదాని మీద దొర చేతిరాత లేదు. ఎవరిదో, ఎక్కడిదో.

రెండోది చూడాలె బిడ్డా! దొర సొంత రాతతో చీటీ ఉన్నది. ఎడమ దిక్కు నిండ పూలతోని కొమ్మ, కుడి దిక్కు కాయలతోని కొమ్మ. కాగితం మీద మొక్క ఎట్లుండాల్నో అట్లున్నది. ముగ్గురిల ఒకర్ని పెద్దమనిషిగా నిలబెట్టాల్నంటే, నలుగురు చూసేటట్టున్నోన్నే గదా నిలబెడతం. నేనైతే రెండోదే అంట. ఇంకో మాట లేదు.

వచ్చే మార్చి 31కి నా రిటైర్మెంటు. పోయేలోపల మన ఇంటి పిల్ల మా బీరువాల చెయ్యి పెట్టింది. దేవుని కృప.

నీ చిన్నబాపు,
ఏలియా

*

వరంగల్,
8 సెప్టెంబర్ 1982

చిన్నబాపుకు,

ఫొటోలు వచ్చాయి! నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. మొదటిది దిక్కులేనిది, మూడోది ఊరూపేరూ లేనిది, రెండోది రాణి. సారు భూతద్దం పెట్టి చూసి “మీ చిన్నాయిన కన్ను మంచిదమ్మా” అన్నారు.

ఒక్క చోట మాత్రం నేను కొంచెం ఆగాను. దొర వర్ణనలో కాయకు ‘హిస్పిడస్’ అనే మాట ఉంది. గరుకైన నూగు ఉన్నది అని అర్థం. ఆ మాట పలుకుతుంటేనే నాలుకకు గరుగ్గా తగులుతుంది కదా! ఫొటోలో కాయ నున్నగా కనిపించింది. నూట నలభై నాలుగేళ్ల కాయ, నూగు రాలిపోయి ఉంటుంది అనుకున్నాను. సారు కూడా అంతే అనుకున్నారు.

మొన్న ఆరో తారీఖున వ్యాసం పత్రికకు పోయింది. ఎనిమిది పేజీలు. జనవరి సంచికలో వస్తుందట. రెండో షీటే టైపు అని, కింద నా పేరు. రాసిన మొదటి ముక్కే అచ్చులో చూసుకోబోతున్నాను. బాపు ఇప్పటికే చర్చిలో నలుగురికి చెప్పాడు. వాళ్లలో ఒకాయన “అయితే పిల్ల డాక్టరైనట్టేనా” అని అడిగాడట. బాపు ఒక్క క్షణం ఆలోచించి “అయినట్టే” అన్నాడట.

చిన్నమ్మ మోకాలికి అమ్మ నువ్వుల నూనె పంపిస్తానంటోంది.

నీ హన్నా

*

మద్రాసు,
20 సెప్టెంబర్ 1982

బిడ్డ హన్నాకు,

కార్డు ముక్క మీదనే రాస్తున్న. సంతోషం. క్యాంటీన్ల అందరికి నా పైసలతోని కాఫీ పోయించిన. మా ఆఫీసరుకు గూడ చెప్పిన, మా అన్న బిడ్డ అని. నూగు సంగతి ఫికర్ చెయ్యకు. పాత కాయకు నూగు నిలుస్తదా, ముసలోని నెత్తికి వెంట్రుకలు నిలుస్తయా. అచ్చయినంక ఒక కాపీ పంపు. రిటైరైనాడు అందరికి చూపిస్త.

ఏలియా

*

వరంగల్,
3 నవంబర్ 1982

చిన్నబాపుకు,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

నిన్న మడికొండ గుట్టకు పోయాను. వానాకాలంలో పూలు చూశాను గానీ కాయ చూడలేదు. మేకలు కాసే మొగిలమ్మ అనే ఆమె ఉంది, బండజీర పేరు నాకు చెప్పింది ఆమే. కాయలున్న పొద దగ్గరికి తీసుకుపోయింది. చిన్నబాపూ, కాయ గుండ్రంగా, శనగగింజంత ఉంది. ఒళ్లంతా గరుకు నూగు. దొర రాసింది రాసినట్టే. నా సంచిలో రెండో షీటు ఫొటో ఉంటే తీసి పక్కన పెట్టాను. ఫొటోలో కాయ సన్నగా, పొడుగ్గా ఉంది. నూగు రాలిపోతే కాయ పొడుగు పెరుగుతుందా?

మొగిలమ్మ ఫొటోను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. “గీ పువ్వు మాదే బిడ్డా. గీ కాయ మాది గాదు. ఎవలో యాడికెల్లో పట్టకొచ్చి పక్కకు పెట్టిన్రు” అంది. నేను ఫొటో తీసుకుని మళ్లీ కాయ పక్కన పెట్టి చూస్తుంటే, “నమ్ముతలేవా? నా మేకనడుగు, అది సుత చెప్తది” అంది.

పెద్ద చదువులు చదివిన సారూ నేనూ రెండు నెలలు భూతద్దాలు పెట్టి చూసి కనిపెట్టనిది ఆమె ఒక్క చూపుకు చెప్పింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు సంగతి ఇది. షీటు మీద రెండు వేరువేరు మొక్కలున్నాయి. వ్యాసం అట్లాగే అచ్చయితే, బండజీర పేరుకు ఆధారంగా సగం పరాయి మొక్క నిలుస్తుంది. రేపు ఎవరైనా ఆ పేరును ఆ పరాయి మొక్కకు తగిలించవచ్చు. అప్పుడు బండజీరకు పేరే ఉండదు. చేసింది నేనవుతాను. సారుకు చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను. డిసెంబర్ ఇరవైలోపు పత్రికవాళ్లకు ఏదో ఒకటి రాయాలన్నారు. వేరే షీటు ఎంచుదామంటే మిగిలిన రెండూ పనికిరావు. వ్యాసం వెనక్కు తీసుకుంటే నా సంవత్సరం పోయినట్టే.

ఆ కాయను దొరే పెట్టాడా, తర్వాత ఎవరైనా పెట్టారా అన్నది తేలాలి. తర్వాత పెట్టిందే అయి ఉంటుంది. ఏ బుద్ధిలేని చెయ్యి చేసిందో గానీ, మొక్క మీద రవ్వంత ప్రేమ ఉన్నవాడు అట్లా చేయడు. కంటికి దొరికిందల్లా అంటించేవాడికి జీతమెందుకు? ఎవరు చేశారో నీకు తెలియకుండా ఉండదు చిన్నబాపూ. నిజం రాయి.

నీ హన్నా

*

వరంగల్,
22 నవంబర్ 1982

చిన్నబాపుకు,

నీ దగ్గరి నుంచి పందొమ్మిది రోజులుగా ఉత్తరం లేదు. పోస్ట్‌మన్ సారయ్య మా గేటు దగ్గర సైకిల్ దిగకుండానే “లేదు బిడ్డా, లేదు” అని తల ఊపి పోతున్నాడు.

నా కోసం బీరువాలు తెరిచావని ఆఫీసులో ఎవరైనా మందలించారా? అట్లయితే నన్ను క్షమించు. బాపు వేరే లెక్క చెబుతున్నాడు. పోయిన ఉత్తరంలో నేను చిన్నమ్మ మోకాళ్ల గురించి ఒక్క ముక్క కూడా అడగలేదట, అందుకే అలిగావట. “వాడు చిన్నప్పటి సంది గంతే. పండుగనాడు బొక్కల కూర ఆఖర్ల వడ్డించిన్రని మూడు దినాలు మాట్లాడలే” అన్నాడు. అమ్మ నూనె సీసా మూత గట్టిగా పెట్టలేదేమో, కారిపోయి మీ పోస్టాఫీసువాళ్లతో తగాదా అయ్యిందేమో అని ఆమె భయం ఆమెది.

ఏదైనా సరే, రాయి. నాకిప్పుడు షీటు కంటే నీ మౌనమే ఎక్కువ బాధగా ఉంది.

నీ హన్నా

*

మద్రాసు,
27 నవంబర్ 1982

చిరంజీవి హన్నాకు,

నూనె సీసా మంచిగనే చేరింది. నన్ను ఎవరూ మందలించలేదు. నువ్వు తప్ప.

నువ్వు ఎవరిని అన్నవో నాకు తెలుసు. ఫొటోల కొమ్మను కాగితానికి కుట్టిన దారం చూసి, ఆ పని నాదని పోల్చుకున్నవు. నాతోని ఒప్పించాలని ‘నీకు తెలియకుండా ఉండదు’ అని రాసినవు. చదువుకున్నదానివి, పేరు పెట్టకుండ తిట్టే నేర్పు వచ్చింది. ఇరవై రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. దీనమ్మ “ఆ పిల్లకు ఏం తెలుసయ్యా, తెలిస్తే అట్ల రాస్తదా” అని పోరు పెట్టింది. తెలిసినా తెలియకున్నా నిజం నిజమే గనుక రాస్తున్న.

1956ల వానలకు మా పైకప్పు కారి, నూరు కట్టలు తడిసినయి. అన్నిటిని ఆరబెట్టి, కొత్త కాగితాలకు మళ్లీ అంటించే పని నాకు పడ్డది. నాకు పని నేర్పిన ముసలాయన ఒకటే చెప్పేటోడు. రాలిన చిన్న ముక్కను గూడ పారెయ్యద్దు, అది ఆ మొక్క ఒళ్లే అని. అప్పుడే ఎవరో పెద్ద శాస్త్రవేత్త చూడవస్తున్నడని కబురు. మోరిస్ దొర కొమ్మ కొత్త కాగితం మీద ఎడమ దిక్కు మాత్రమే నిండింది. కుడి దిక్కు అంత ఖాళీ. చుట్టం ముందర అన్నం లేని విస్తరి వేసినట్టు అనిపించింది నాకు. అదే కట్టల విడిగ ఒక కాయల కొమ్మ కనబడ్డది. ఇదే మొక్కది, తడిసి ఊడిపోయింది అనుకున్న. తీసి అక్కడ పెట్టిన. వచ్చిన శాస్త్రవేత్త ఆ షీటును చేత పట్టుకొని ఎంత అందంగ ఉన్నది అన్నడు. నా పనిని ఒకరు మెచ్చుకున్నది అదే మొదలు.

అందుకే బిడ్డా, జులైల నువ్వు అడిగితే రెండోదే అని అంత గట్టిగ చెప్పిన. దొర మొక్కను కాదు, నా పనిని సిఫారసు చేసుకున్న.

రుజువు కావాల్నంటే, దొర కొమ్మ పాత జిగురుతోని అంటి ఉన్నది. తడిసినా ఊడలేదు, కింది పాత కాగితం ముక్కతోని సహా అట్లనే కత్తిరించి కొత్తదాని మీద పెట్టిన. కాయల కొమ్మ కింద ఆ పాత కాగితం లేదు. తెల్ల దారంతోని మూడు కుట్లు, షీటు వెనుక ముడులున్నయి. ఆ ముడి నాదే, ఇక్కడ ఇంకెవరూ అట్ల వెయ్యరు. నిన్న మళ్లా తీసి చూసిన.

నువ్వు అన్నదాంట్లె ఒక్కటి మాత్రం తప్పు. నాకు మొక్క మీద ప్రేమ లేక కాదు.

ఇంత చెప్పి ఒకటి అడుగుతున్న, సిగ్గిడిచి అడుగుతున్న. మార్చి 31 దాక ఆగగలవా? ముప్పై అయిదేండ్ల సర్వీసు. ఆఖరికి దొర షీటు చెడగొట్టినోడు అనిపించుకొని గేటు దాటాల్నంటే మనసు ఒప్పుతలేదు. ఆగలేనంటే రాసెయ్యి. నీ సంవత్సరం పోవద్దు.

ఏలియా

*

వరంగల్,
3 డిసెంబర్ 1982

చిన్నబాపూ,

నాకు తెలియదు! దేవుని తోడు, బైబిల్ మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, నాకు తెలియదు. నీకు పాత సంగతులన్నీ తెలుసు కదా, అప్పుడు అక్కడ ఎవరు పనిచేశారో నువ్వే చెప్పగలవు కదా అనే అర్థంతో ఆ మాట రాశాను. నీ ఉత్తరం చదివి బాత్రూంలోకి పోయి ఏడ్చాను. అమ్మ తలుపు కొట్టి “ఏమైంది, చిన్నబాపుకు ఏమన్న అయిందా?” అంది. అయ్యింది, నా వల్లే అయ్యింది అన్నాను. ఇన్ని మాటలు ఏరి నోట్‌బుక్కులో రాసుకుంటాను గానీ, ఒక్క మాట రాసేముందు ఎవరు చదువుతారో ఆలోచించే తెలివి లేకపోయింది. నన్ను క్షమించు.

ఇక అసలు సంగతి విను. కూర్చుని చదువు.

నీ ఉత్తరంలో షీటు గురించి ఉన్న పేరా ఒక్కటే సారుకు చదివి వినిపించాను. ఆయన కుర్చీలోంచి లేచారు. “మళ్ల చదువు” అన్నారు. చదివాను. “పాత కాగితం ముక్క, జిగురు ఒక దిక్కు, దారం ఒక దిక్కు. ఇంకేం కావాలె! బతికించిండు మనల్ని” అన్నారు.

నిబంధనల్లో దారి ఉందట చిన్నబాపూ. ఒకే షీటు మీద రెండు మొక్కలు కలిసిపోతే, షీటు మొత్తాన్ని వదిలేయనక్కర్లేదు. ఈ పేరుకు ఆధారం ఎడమవైపు పూల కొమ్మ మాత్రమే అని రాస్తే సరిపోతుంది. కానీ ఏ కొమ్మ దొరది, ఏది తర్వాత చేరింది అని తేలాలి. తేలకపోతే అనుమానం ఎప్పటికీ పోదు. అది చెప్పగలిగినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ చెప్పాడు. నువ్వు నోరు విప్పకుండా మార్చిలో గేటు దాటి ఉంటే, బండజీర సంగతి ఇక తేలేదే కాదు.

మార్చి సంగతి. నేను ఆగలేను, పత్రికవాళ్ల గడువు ఇరవయ్యో తారీఖు. కానీ నీ పేరు ఎక్కడా రాకుండా, ‘1956లో తిరిగి అంటించినప్పుడు చేరినది’ అని మాత్రం రాయవచ్చునన్నారు సారు. ఆ వాక్యానికి మీ ఆఫీసరు ఒప్పుకోవాలి. ఆయనకు సారు రాయాలా, నువ్వు చెబుతావా? నువ్వు వద్దంటే సారే రాస్తారు, ఎవరు అంటించారో తెలియదన్నట్టుగా. నీ ఇష్టం. ఈసారి నేను నిజంగానే అడుగుతున్నాను, ఇందులో ఇంకే అర్థమూ లేదు.

చిన్నమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? నూనె పనిచేసిందా? ముందే అడగాల్సింది.

నీ హన్నా

*

మద్రాసు,
15 డిసెంబర్ 1982

బిడ్డ హన్నాకు,

చిన్నబాపు, చిన్నమ్మ దీవెనలు. నూనె పనిచేసింది. దీనమ్మ మొన్న లారీ కాడికి తనే పోయి, లైన్ల ముందుకు దూరినోళ్లతోని కొట్లాట పెట్టుకొని వచ్చింది. అంటే బాగైనట్టే.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివిన. మీ సారును రాయనియ్యద్దు అనుకున్న. నా నోటితోని నేనే చెప్తే మేలు. శుక్రవారం పొద్దున షీటు ట్రేల పెట్టుకొని ఆఫీసరు రూముకు పోయిన. ఆయనది నెల్లూరు. తెలుగులనే మాట్లాడుతడు. ట్రే ఆయన టేబుల్ మీద పెట్టిన. నిలబడ్డ.

“ఏమయ్యా ఏలియా, లీవు కావాలా?” అన్నడు.

“లేదు సార్. తప్పు చెప్పుకోవాలె.”

అంత చెప్పిన. వాన, కట్టలు, ఖాళీ జాగ, కాయల కొమ్మ. షీటు తిప్పి ముడులు చూపించిన. ఆయన కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని చూసిండు. ఎంతసేపు చూసిండో.

“ఇరవై ఆరేళ్లు. ఈ బిల్డింగులో ఇంతకంటే పెద్ద పొరపాట్లు చేసినవాళ్లను పదిమందిని ఎరుగుదును. ఒక్కడంటే ఒక్కడు ఈ గది దాకా రాలేదు” అన్నడు. కుర్చీ చూపించి, “కూర్చోవయ్యా, పడిపోయేట్టున్నావ్” అని టీ తెప్పించిండు. నేను ఆ రూముల కూసున్నది అదే మొదటిసారి.

కాయల కొమ్మను పీకేస్తనంటే వద్దన్నడు. టైపు షీటు మీదికెల్లి దేన్నీ తియ్యరాదట, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచి, పక్కకు నిజం రాసిన చీటీ అంటించాల్నట. ఇంగ్లీషుల మిషను మీద కొట్టించిండు. ‘కుడివైపు కాయల కొమ్మ ఈ సేకరణకు చెందినది కాదు. 1956లో షీటును తిరిగి అంటించినప్పుడు పొరపాటున చేరినది.’ నా చేతికిచ్చి, “అంటించు, అది నీ పనే కదా” అన్నడు. అంటించిన. తర్వాత పెన్ను నా దిక్కు జరిపిండు.

“సంతకం పెట్టు. చెప్పినవాడెవరో తెలియకపోతే ఈ చీటీకి విలువేముంది?”

బిడ్డా, మా షీట్ల మీద ఎవరెవరి పేర్లుంటయో నీకు తెలుసు. కోసుకొచ్చినాయన పేరు, పేరు పెట్టినాయన పేరు, ఎంచినోళ్ల పేరు. అంటించినోని పేరు ఉండదు. నేను అడిగింది గూడ లేదు. ఇన్నేండ్లల్ల ఎన్ని వేల షీట్లు అంటించిన్నో, నా పేరు ఒక్కదాని మీద గూడ లేదు. ఇప్పుడున్నది, ఏలియా అని, తారీఖుతోని సహా. ఉన్నది తప్పు చేసిన షీటు మీదనే.

ఇంటికొచ్చి దీనమ్మకు చెప్తే, “తప్పు చేసినోళ్లకు ఇట్ల పేరొచ్చేటట్టుంటే నిన్ను ఎన్నడో పెద్ద ఆఫీసర్ను చెయ్యాలె” అన్నది. ఇద్దరం నవ్వినం. నెల రోజుల సంది మా ఇంట్ల నవ్వు లేదు.

సిగ్గయితదనుకున్న, కాలేదు. పని మీద కూసుంటే చెయ్యి తేలిగ్గ ఆడుతున్నది. ఆఫీసరు మీ సారుకు ఈ రోజే రాస్తున్నడు, చీటీ ఫొటోతోని. ఇరవైలోపల చేరుతది. నీ వ్యాసంల నా పేరు దాచకు. షీటు మీద ఎట్లున్నదో అట్లనే రాయి.

నీ చిన్నబాపు,
ఏలియా